ఉప్పునీళ్ళు, కార్బన్ కాలు

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్,
19 జూన్ 1988

తమ్ముడు యోహానుకి,

అక్క విజయకుమారి దీవెనలు. హన్నాకి కూడా. ఉత్తరం రాసి చాలా రోజులైందని నీకు కోపంగా ఉంటుంది. ఉండనీ. కోప్పడటానికైనా నీకు తీరికుంది, నాకు ఉత్తరం రాయడానికే లేదు.

మీ బావ కాలి సంగతి ఆసుపత్రి నుంచి రాసిన కార్డులో ఉన్నంతవరకే నీకు తెలుసు. షుగరు వల్ల బొటనవేలు నల్లబడింది, అది పాదానికి పాకింది, మోకాలి కింద నుంచి తీసేశారు. పుండు మానింది. కట్లు కట్టింది నేనే, మాన్పించింది నేనే, కాబట్టి ఆయనకి విసుగొస్తే విసుక్కోవడానికి కూడా నేనే. శంకర్ నగర్‌లో కాళ్ళు చేసే ఆయన ఒకాయన ఉన్నాడు. ఆయన చేసిచ్చిన చెక్కకాలు రుబ్బురోలంత బరువు. అది వేసుకుని గుమ్మం దాకా వెళ్ళొచ్చేసరికి తీసెయ్యగా మిగిలిన కాలి మోడు ఎర్రగా కందిపోయేది, వారం తిరక్కుండా తోలు లేచింది. షుగరు మనిషికి మళ్ళీ పుండు పడితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పాలా? తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేశాను.

అసలు విషయానికి వస్తాను. వచ్చే వేసవి మొదట్లో రైల్వే డాక్టర్లు ఆయన్ని పిలిచి చూస్తారు. వాళ్ళ ముందు కర్రలు లేకుండా నడిస్తే స్టోర్స్‌లో కూర్చుని చేసే పని ఇస్తారు. నడవలేకపోతే ఇంటికి పంపేస్తారు. ఇంటికి పంపడం అంటే ఈ క్వార్టరు కూడా వదలాలి. ఇంతకాలం వ్యాగన్లు బాగుచేసిన మనిషి. "అన్నేసి బండ్లు బాగుసేసినాను, నన్ను బాగుసేసీవోడు లేకపోనాడు" అని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. పలకరిస్తే కసురుతారు, పలకరించకపోతే పట్టించుకోలేదంటారు.

నువ్వు పోయిన ఏడు వచ్చినప్పుడు చెప్పావు, మీ ల్యాబులో ఏదో సరుకు చేస్తారనీ, ఇనుమంత గట్టిగా, బెండంత తేలిగ్గా ఉంటుందనీ. దాంతో కాలు చెయ్యగలవా? చెయ్యలేకపోతే లేదని రాసెయ్. ఆశపెట్టి తిప్పకు.

నాకు వరసగా నైట్ డ్యూటీలు వేస్తున్నారు. మొన్న వార్డులో మందులు పంచుతూ నిలబడే కునుకు తీశాను. ఆయా నా భుజం తట్టి, "దీదీ, ఘర్ జాకే సుత్ జా" అంది. ఇంటికెళ్తే నిద్రపోవచ్చని అనుకుంటోంది పాపం.

ఇక ఆపుతాను, పాలు పొంగుతున్నాయి.
అక్క


విశాఖపట్నం,
3 జూలై 1988

అక్కా,

నీ ఉత్తరం హన్నాకి చదివి వినిపించాను. రుబ్బురోలు దగ్గర నవ్వింది, నవ్వినందుకు తర్వాత ఏడ్చింది. దానికి ఇప్పుడు ఐదో నెల. ఈ మధ్య ప్రతిదానికీ ఆ రెండూ చేస్తోంది.

చెయ్యగలను. అయితే నేనెప్పుడూ కాలు చెయ్యలేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మా పని వేరు. కార్బన్ దారాలని ఉంటాయి, తలవెంట్రుక కన్నా సన్నం. వాటిని గుడ్డలా నేసి, పొరలు పొరలుగా పరిచి, జిగురు పట్టించి, వేడిలో గట్టిపరిచి పలకలు చేస్తాం. బరువు మోసేది దారాలు. ఆ దారాలు చెదరకుండా పట్టుకునేది జిగురు. అలా చేసిన పలకల్ని బద్దలుగా కోసి, ఇనుప బోనులో పెట్టి, జెట్టీ దగ్గర సముద్రంలోకి దించుతాం. పడవలకి పనికొస్తాయా, ఉప్పునీళ్ళలో నానితే బలం ఎంత తగ్గుతుంది, తగ్గింది మళ్ళీ వస్తుందా అన్నది తేల్చడమే నా ఉద్యోగం. నెలనెలా కొన్ని బద్దలు పైకి తీసి, అంటుకున్న గుల్లలు గీకేసి, తూచి, మిషన్‌లో పెట్టి విరగ్గొడతాను. నాకు జీతమిచ్చి మరీ విరగ్గొట్టిస్తున్నారంటే అమ్మ బతికుంటే నమ్మేది కాదు. చిన్నప్పుడు నేను విరగ్గొట్టినవాటికి అమ్మ చేతిలో దెబ్బలే.

ల్యాబులో మా పెద్దాయనని అడిగాను. కోతల్లో మిగిలిన పలకలతో, సెలవు రోజుల్లో చేసుకోమన్నారు. మోడు కూర్చునే గిన్నెలాంటిది మాత్రం శంకర్ నగర్ ఆయనే చెయ్యాలి, అది మనిషి ఒంటికి పెట్టి చూసుకుంటూ చేసే పని. దాని కింద పిక్కకి బదులు గొట్టం, పాదానికి బదులు అడుగు వేస్తే వంగి లేచే పలక నేను చేస్తాను. బావ మంచికాలి కొలతలన్నీ పంపు. బరువు కూడా.

కాలు పట్టుకుని నేనే వస్తాను. ఆరోగ్యం జాగ్రత్త.

నీ
యోహాను


రాయపూర్,
14 ఆగస్టు 1988

యోహానూ,

కొలతలు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. అవి తియ్యడానికి నేను పడిన పాట్లు రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. టేపు పట్టుకుని వెళ్తే మీ బావ, "ఏటే, పెట్టెకి కొలత తీస్తన్నావేటి? ఇంకా బతికే ఉన్నాన్రా బాబూ" అని గట్టిగా అరిచారు. పక్కింటి శేషమ్మగారు నిజమేననుకుని పరుగెత్తుకొచ్చింది. చివరికి ఆయన నిద్రపోతున్నప్పుడు తీశాను. అందుకే మడమ కొలత కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

ఇంకో తంటా వచ్చిపడింది. నీ ఉత్తరంలో "మిగిలిన పలకలు" అని రాశావు కదా, అది పట్టుకుని కూర్చున్నారు. సముద్రంలో నానబెట్టి, బలం పోయాక, విరగ్గొట్టగా మిగిలిన ముక్కలతో కాలు చేసి పంపుతున్నాడు నీ తమ్ముడు అని నన్నే దెప్పుతున్నారు. కాదండీ, కొత్తవే అయ్యుంటాయి అన్నాను. దానికీ కోపమే. నిజం ఏమిటో నువ్వే రాయి. నా మాట ఈ ఇంట్లో చెల్లదు.

వానలు పట్టాయి. క్వార్టరు కప్పు రెండు చోట్ల కారుతోంది, ఒక చోట బాల్టీ, ఒక చోట అన్నం గిన్నె పెట్టాను. నిలబడి నిలబడి నా కాళ్ళు సాయంత్రానికి వాచిపోతున్నాయి. చెప్పులు పట్టడం లేదు, మీ బావవి వేసుకుని వెళ్తున్నాను. రెండు చెప్పులూ ఎలాగూ ఆయనకి అక్కర్లేదు.

హన్నాని బరువులెత్తనివ్వకు.
అక్క


విశాఖపట్నం,
9 అక్టోబర్ 1988

అక్కా,

కాలు తయారైంది. నేనే వస్తానన్నాను, రాలేకపోతున్నాను. హన్నాకి నీరు పట్టింది, డాక్టరమ్మ దాన్ని వదిలి కదలొద్దంది. మన చిన్నారావు గార్డు డ్యూటీలో ఉన్న పాసింజర్లో పంపిస్తున్నాను. సగం దారిలో ఇంకో గార్డుకి అప్పజెప్పి, రాయపూర్‌లో మనిషి వచ్చి తీసుకునేదాకా దించొద్దని చెబుతాడట. దాంతోపాటు ఎండునెత్తళ్ళ చేపలు ఒక మూట ఉంది. గార్డు పెట్టెలో వాసనకి వాళ్ళిద్దరూ నన్ను తిట్టుకునే ఉంటారు.

బావకి చెప్పు: ఇది నానిన పలక కాదు, విరిగిన ముక్క కాదు. దర్జీ దగ్గర చొక్కా కుట్టగా మిగిలిన కొత్తగుడ్డ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆయన కుదుటపడటానికి ఇంకొక సంగతి కూడా చెప్పు. ఏడాది సముద్రంలో నానిన బద్దలు పోయిన వారం తీసి చూశాం. మొదటి నెలల్లో జిగురు కొంచెం కొంచెంగా నీళ్ళు తాగుతుంది, మెత్తబడుతుంది. వంచితే విరిగే బలం కొంత తగ్గింది. తర్వాత తాగడం ఆగిపోయింది, తగ్గడమూ ఆగింది. దారం పొడవునా పట్టి లాగితే మాత్రం కొత్తదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కోసిన అంచుల్లోంచే నీళ్ళు ముందు దూరతాయి కాబట్టి, బావ కాలికి అంచులన్నీ జిగురుతో మూసేశాను. ఏడాది సముద్రమే దీన్నేమీ చెయ్యలేకపోయింది. చెమటకీ వానకీ భయపడొద్దు, ఉప్పునీళ్ళు దీన్నేమీ చెయ్యవు. ఎలా కావాలంటే అలా కడుక్కోండి.

గొట్టానికీ గిన్నెకీ మధ్య అల్యూమినియం బిళ్ళ పెట్టాను, బోల్టులూ అవే, తేలిక అని. శంకర్ నగర్ ఆయన్ని బిగించమను. నడిచాక అడుగు ఎలా పడుతోందో, పాదం ఎంత వంగుతోందో వివరంగా రాయి.

ఆరోగ్యం జాగ్రత్త.
యోహాను


రాయపూర్,
27 డిసెంబర్ 1988

యోహానూ,

మీకు కొడుకు పుట్టిన వార్త అందిన రోజునే మీ బావ కర్రలు మంచం కింద పడేశారు. రెండూ ఒకే రోజు జరిగేసరికి నాకు దేని గురించి ఏడవాలో తెలియలేదు. బాబుకి నా ముద్దులు. పేరు ఏం పెట్టారో రాయలేదు.

ఆయన నడుస్తున్నారు. క్రిస్మస్ ఆరాధనకి మన కాలనీ తెలుగు చర్చికి నడిచి వచ్చారు, మధ్యలో ఎవరూ పట్టుకోలేదు. పాస్టరుగారు ప్రసంగం ఆపి లేచి నిలబడ్డారు. ఇంటికొచ్చాక, "ఏటే, సూసినావా ఆ మొకాలు" అని చిన్నపిల్లాడిలా పదిసార్లు అడిగారు. సంతోషంగానే ఉంది. కానీ యోహానూ, నడక వచ్చాక మనిషి ఇంట్లో నిలవడం లేదు. వర్క్‌షాపు స్నేహితుడు అప్పారావుతో తెలీబంధా చెరువు దాకా పోతారు. మోడు ఒరుసుకుపోయి వస్తారు. అది కడిగి, పౌడరేసి, మర్నాటికి మేజోడు ఉతికి ఆరబెట్టడం నా పని. డ్యూటీ నుంచి వచ్చాక ఒక రోగి, వెళ్ళాక ముప్ఫై మంది.

గిన్నెలో చెమట వాసన మరీ ఎక్కువైంది. వార్డులో పుండ్లకి చేసినట్టే, నువ్వు చెప్పావు కదా అని, రోజూ కాలు మొత్తం ఉప్పునీళ్ళ బాల్టీలో నానబెట్టి తోముతున్నాను. వాసన పోయింది. మోడు మీద చీము పొక్కులు కూడా రావడం లేదు.

మీరు వస్తారని కేకు దాచి ఉంచాను. హన్నాకి మా రాయపూర్ గాలి పడదులే, రాకపోవడమే మంచిది. కేకు శేషమ్మగారి పిల్లలు తిన్నారు.

నాకు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. వయసు కాబోలు.
అక్క


విశాఖపట్నం,
22 జనవరి 1989

అక్కా,

నీ ఉత్తరం హన్నాకి చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. "గాలి పడదులే" అన్నమాట దగ్గర అది లేచి వెళ్ళిపోయింది. పురిటి మంచం మీదున్న మనిషిని అలా అనొచ్చా? నువ్వు సరదాకే రాశావని నాకు తెలుసు. కానీ కాగితం మీద నవ్వు కనపడదు. నువ్వు దానికి విడిగా ఒక కార్డు రాస్తే బాగుంటుంది. బాబు పేరు దానియేలు. రాత్రంతా మేలుకుంటాడు, పగలు నేను ఆఫీసులో తూలుతాను.

బావ నడుస్తున్నాడని చదివి మా పెద్దాయనకి చూపించాను. ల్యాబులో అందరికీ మిఠాయి పంచారు. పాదం వంగడం గురించి నువ్వేమీ రాయలేదు. అడుగు వేసి లేచేటప్పుడు తోసినట్టు అనిపిస్తోందా అని బావని అడిగి రాయి. గొట్టం మీద గీతల్లాంటి పగుళ్ళు ఏమైనా ఉన్నాయేమో వెలుతురులో పట్టుకుని చూడు. ఇది నాకు చాలా ముఖ్యం.

ఇక్కడి సంగతి ఒకటి. సముద్రంలోంచి తీసిన బద్దల్ని కొన్నిటిని వెచ్చటి పెట్టెలో ఆరబెట్టి, తర్వాత విరగ్గొట్టి చూశాం. పోయిన బలంలో చాలావరకు తిరిగొచ్చింది. పూర్తిగా రాలేదు. ఎక్కడో దారానికీ జిగురుకీ మధ్య పట్టు ఒకసారి జారితే మళ్ళీ అతుక్కోదని మా పెద్దాయన అంటారు. దీని మీద నేనొక వ్యాసం రాస్తున్నాను.

ఆయాసానికి ఎవరికైనా చూపించుకో. నువ్వే ఆసుపత్రిలో ఉన్నావు, నీకు చెప్పేదేముంది.
యోహాను


రాయపూర్,
27 మార్చి 1989

యోహానూ,

హన్నాకి కార్డు రాశాను. జవాబు రాలేదు. రాకపోయినా ఫరవాలేదు, నేను చేసే తప్పులు సరిదిద్దుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా. ఆ పిల్ల మీద నాకు ఏమీ లేదు. ఎవరైనా వచ్చి రెండు రోజులు ఈ ఇంట్లో ఉంటే బాగుండునని నాకు అనిపించింది, అది సూటిగా రాయడం రాక అలా రాశాను.

డాక్టర్ల ముందుకి ఏప్రిల్ నాలుగున రమ్మని పిలుపొచ్చింది. మీ బావ చొక్కా ఇప్పుడే ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే వరండాలో ఇటు గోడ నుంచి అటు గోడకి నడుస్తారు. ఆయన నడుస్తుంటే నేను లోపల ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను.

కాలు గురించి అడిగావు కదా, చూశాను. గొట్టం నల్లగా, నున్నగా, పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పగుళ్ళు లేవు. బిళ్ళ దగ్గర, బోల్టుల చుట్టూ మాత్రం తెల్లగా పిండిలాంటిది వస్తోంది. ఉప్పు పేరుకుంటోందనుకుని ఇంకాసేపు ఎక్కువ నానబెట్టి, బ్రష్‌తో తోమేస్తున్నాను. మర్నాటికి మళ్ళీ వస్తుంది. నడుస్తుంటే కుయ్ కుయ్ మని చప్పుడు. అప్పారావు స్పానరు తెచ్చి బిగించాడు, రెండు రోజులు ఆగి మళ్ళీ మొదలైంది. మీ బావ, "సముద్రంలో ఏడాది నానితే ఏటీ అవలేదంట, బాల్టీ నీళ్ళకి ఏటవుద్దే" అంటున్నారు. నాకు మాత్రం మనసులో పీకుతోంది. ఆ పిండి ఏమిటి? కార్బన్ కుళ్ళుతోందా?

నాలుగో తారీకుకి ముందే రాయి. నాకు ఇంకో ఆశ లేదు, యోహానూ. క్వార్టరు పోతే ఈయన్ని తీసుకుని ఎక్కడికి పోవాలో కూడా నేను ఆలోచించలేదు. ఆలోచిద్దామని కూర్చుంటే నిద్రొచ్చేస్తోంది.
అక్క


విశాఖపట్నం,
3 ఏప్రిల్ 1989

అక్కా,

బోనులు మార్చడానికి పడవ మీద వెళ్ళి సాయంత్రం వచ్చాను. వచ్చేసరికి నీ ఉత్తరం. చదివి చెప్పులు విప్పకుండానే తంతి ఆఫీసుకి పరుగెత్తాను. బావని కాలు వేసుకోవద్దని ఇచ్చిన టెలిగ్రాం నీకు దీనికన్నా ముందే అందాలి. ఎందుకో చెప్పడానికి ఈ ఉత్తరం.

కార్బన్‌కి ఏమీ కాలేదు. ఆ తెల్లపిండి ఉప్పు కాదు, అల్యూమినియం. కార్బనూ, అల్యూమినియమూ ఒకదానికొకటి ఆనుకుని ఉప్పునీళ్ళలో ఉంటే, టార్చిలైటు బ్యాటరీలో జరిగేదే అక్కడా జరుగుతుంది. కార్బన్ చెక్కు చెదరదు, పక్కనున్నదే తరిగిపోతుంది. రెండు లోహాలున్నా ఇలా జరుగుతుంది కానీ, కార్బన్ పక్కన అల్యూమినియం ఉంటే మరీ తొందరగా పోతుంది. నువ్వు తోమిన ప్రతిసారీ ఆ పైపొర పోయి లోపల కొత్తది తినడానికి దొరికింది. పైకి బోల్టు తల బాగానే కనిపిస్తుంది, లోపల మెడ దగ్గర సన్నబడిపోయి ఉంటుంది. అది ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు.

నేను సముద్రంలో ముంచినవన్నీ ఉత్త బద్దలు. బోల్టు పెట్టిన బద్ద ఒక్కటీ ముంచలేదు. ఉప్పునీళ్ళు ఏమీ చెయ్యవని రాసింది ఆ బద్దల లెక్కన. డిసెంబరులోనే నువ్వు నానబెడుతున్నానని రాశావు. ఇప్పుడు ఆ ఉత్తరం తీసి చూస్తే ఉంది. అప్పుడు నా కళ్ళు హన్నా గురించి రాసిన వాక్యం మీదే ఆగిపోయాయి.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు చేయిస్తున్నాను. కార్బన్‌కీ లోహానికీ మధ్య గాజునార పొర ఒకటి పెడితే ఇక గొడవ ఉండదు. పది రోజులు గడువు అడగండి. ఇస్తారు. ఇవ్వకపోతే మా పెద్దాయన చేత రాయిస్తాను. బావని మాత్రం ఆ కాలు మీద నిలబడనివ్వకు.
యోహాను


విశాఖపట్నం,
9 ఏప్రిల్ 1989

అక్కా,

అప్పారావు ఇచ్చిన టెలిగ్రాం అందింది. పాస్, బోల్టు తెగింది, పడ్డారు, కంగారు వద్దు అని ఉంది. పాస్ అయ్యాడని చదివి హన్నా ప్రార్థన చేసింది. పడ్డాడని చదివి నాకు అన్నం సయించలేదు. బావ మోడుకి దెబ్బ తగల్లేదు కదా?

కాలు ఎలా ఉంది? గొట్టం నేలకి కొట్టుకుందా? పగిలిందా? ఏ బోల్టు తెగింది, ముందుదా వెనకదా? తెగిన ముక్కలు దయచేసి పారెయ్యొద్దు, గుడ్డలో చుట్టి చిన్నారావు చేతికి పంపు. బిళ్ళ కూడా విప్పించి పంపు. మా పెద్దాయన ఇది చాలా ముఖ్యమైన విషయం అంటున్నారు. ఇకమీదట బద్దలన్నీ బోల్టులు పెట్టి ముంచాలని నిర్ణయించారు. కొత్త బోల్టులు వచ్చాయి, గాజునార పొరతో సహా పోస్టులో పంపుతున్నాను.

ఉప్పు ఎంత వేసేదానివో, ఎంతసేపు నానబెట్టేదానివో గుర్తున్నంతవరకు రాయి.
యోహాను


డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్,
16 ఏప్రిల్ 1989

యోహానుకి, బావ పాల్ రాస్తున్నది.

నా చేతి రాత చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. నాకు ఉత్తరాలు రాయడం రాదు, మన మధ్య రాసే పని ఎప్పుడూ మీ అక్కదే. ఈసారి తను రాయలేదు. కుడిచెయ్యి పిండికట్టులో ఉంది. అప్పారావుని టెలిగ్రాంలో ఆ మాట రాయొద్దంది. నువ్వు కంగారుపడతావట.

జరిగింది చెబుతాను. నాలుగో తారీకు పొద్దున్న మేం రిక్షా ఎక్కబోతుంటే నీ టెలిగ్రాం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, తనే చదివి చెప్పింది. వద్దు, వెళ్ళొద్దు అంది. నేను వినలేదు. "ఈ రోజు పోకపోతే మళ్ళీ పిలవరే. కాలు బాగోలేదు సాబ్, పది రోజులాగి నడుస్తానంటే నవ్వుతారు" అన్నాను. అప్పుడే నైట్ డ్యూటీ దిగి వచ్చి ఉంది, ఇంకా తెల్లచీర మార్చలేదు. కాసేపు నా కాలు వైపు చూసింది. "అయితే నేనూ వస్తాను, పదండి" అని అదే చీరతో ఎక్కింది.

డాక్టర్లు ముగ్గురు. అటు గోడ దాకా నడిచి తిరిగి రమ్మన్నారు. నడిచాను. కుయ్ కుయ్ మంది. ఒకాయన అదేం చప్పుడు అని అడిగితే, "నయా జూతా హై సాబ్" అన్నాను, కొత్త బూటని. ముగ్గురూ నవ్వారు, సంతకాలు పెట్టారు. స్టోర్స్‌లో పని ఇచ్చారు, క్వార్టరు ఉంటుంది.

బయటికి వచ్చి మెట్లు దిగుతున్నాం. మీ అక్క నాకన్నా ఒక మెట్టు కింద, మొహం నా వైపు పెట్టి వెనక్కి వెనక్కి దిగుతోంది. అలా ఎందుకే, పడతావు అన్నాను. బోల్టు తెగితే నేను రాతి మీద కాకుండా తన మీద పడాలని పొద్దున్నే అనుకుందట. తెగింది. తన మీదే పడ్డాను. నాకు గీత కూడా పడలేదు. తన చెయ్యి మణికట్టు పైన విరిగింది. ఎముక చప్పుడు నాకు వినపడింది, యోహానూ. ఇప్పటికీ వినపడుతోంది.

తన ఆసుపత్రిలోనే తనకి కట్టు వేశారు. పనిలో పనిగా రక్తం చూశారు. ఉండాల్సినదాంట్లో సగం ఉందట, ఇన్నాళ్ళు డ్యూటీ ఎలా చేసింది అని డాక్టరమ్మ నన్నడిగింది. రెండు నెలలు సెలవు రాసింది. అప్పటి నుంచి పడుకునే ఉంది. అన్నం తిని పడుకుంటుంది, లేచి మళ్ళీ పడుకుంటుంది. నేను ఇంటి పనికి మళ్ళీ కర్రలు పట్టాను. అన్నం వార్చడం వచ్చింది. శేషమ్మగారు కూర ఇస్తోంది.

నీ ఉత్తరాలు రెండూ నేనే తనకి చదివి వినిపించాను. మొదటి దాంట్లో, కార్బన్ చెక్కు చెదరదు, పక్కనున్నదే తరిగిపోతుంది అని రాశావు. అక్కడ ఆపమని, మళ్ళీ చదవమంది. రెండోసారి చదివాను. ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి తలగడ కింద పెట్టుకుంది.

రెండో ఉత్తరం విని కళ్ళు మూసుకుంది. నాకు మాత్రం కోపం వచ్చింది. కాలు ఎలా ఉంది, గొట్టం ఎలా ఉంది, ముందు బోల్టా వెనక బోల్టా. నువ్వు అడిగిన ముక్కలు ఆ ఆఫీసు మెట్ల దగ్గరే పోయాయి. వెతకడానికి నాకు చేతులు ఖాళీ లేవు, మీ అక్కని పట్టుకుని ఉన్నాను. నిన్ను తిట్టే హక్కు నాకు లేదని తెలుసు. ఈ ఇంట్లో ఏడాదిగా అందరూ నా కాలు గురించే అడిగారు, అందరికన్నా ఎక్కువగా నేనే అడిగించుకున్నాను.

బోల్టులు పోస్టులో పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే ఉండనీ. నువ్వు రా. హన్నానీ, బాబునీ ఎండలు తగ్గాక తీసుకురావచ్చు, ముందు నువ్వొక్కడివే ఏ బండి దొరికితే ఆ బండికి రా. వచ్చి గుమ్మంలో నా కాలు వైపు చూడకు. లోపలికి వెళ్ళి అక్క పక్కన కూర్చుని, ఎలా ఉన్నావక్కా అని అడుగు. జవాబు చెప్పేదాకా లేవకు.

నిన్న సాయంత్రం నేను అడిగాను. ఆ మాట అడగడం నాకు అలవాటు లేక రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. కప్పు వైపు చూస్తూ మెల్లిగా, "బాగా అలిసిపోనానండి" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

నీ బావ,
పాల్